కెమెరా ముందుకు వెళ్ళే ముందు

కడప

నాయనా,

నలుగురిలో నిన్ను ఫాదర్ అనే పిలుస్తాను. ఉత్తరంలో మాత్రం నువ్వు మా అన్న కొడుకువే. లోకల్ కేబుల్ వాళ్ళు వారానికోసారి అరగంట మాట్లాడమన్నారని, ఒప్పుకున్నాక టెన్షన్ పట్టుకుందని ఫోన్‌లో చెప్పావు. నువ్వు పంపిన ట్రయల్ వీడియో రెండుసార్లు చూశాను. చాలా బాగా చదివావు. నా బాధ కూడా అదే, చదివావు.

ఇన్నేళ్ళు రేడియోలో అనౌన్సర్‌గా చేసినవాణ్ని. ఒకసారి లైవ్‌లో రైతుల కార్యక్రమం చదువుతుంటే రెండో పేజీ కింద మూడోది లేదు. ఎర్రలైటు వెలుగుతూనే ఉంది, నా నోట మాట రాలేదు. ఆ విషయం కాగితానికే తెలుసు, నాకు తెలియదు. రేడియోలో మన కళ్ళు ఎవరికీ కనబడవు, టీవీలో దాక్కోవడానికి ఆ చోటు కూడా లేదు. వీడియోలో నీ చూపు కిందికి దిగినప్పుడల్లా నా మనసు పక్కకు పోయింది.

ఫుల్టన్ షీన్ పేరు సెమినరీలో వినే ఉంటావు. 1895లో అమెరికాలో ఇల్లినాయ్ రాష్ట్రంలో పుట్టి, 1919లో క్యాథలిక్ గురువు, అంటే నీలాగే ఫాదర్ అయిన మనిషి. యూనివర్సిటీలో తత్వశాస్త్రం చెప్పేవారు. 1930 నుంచి రేడియోలో మాట్లాడి, 1952లో న్యూయార్క్ సహాయ మేత్రాణులుగా (బిషప్‌గా) ఉండగా టీవీకి వచ్చారు. కార్యక్రమం పేరు ‘లైఫ్ ఈజ్ వర్త్ లివింగ్’. మంగళవారం రాత్రి ఎనిమిదింటికి వచ్చేది. అదే సమయానికి ఇంకో చానెల్‌లో మిల్టన్ బెర్ల్ అనే పేరుమోసిన హాస్యనటుడి షో. అలాంటి పోటీలో ఒక గురువు, ఒక నల్లబోర్డు, ఒక సుద్దముక్క. ఆటా లేదు, పాటా లేదు. అయినా జనం కూర్చుని విన్నారు. ఎమ్మీ అవార్డు కూడా వచ్చింది. అందుకుంటూ, నాకు రాసిపెట్టే నలుగురికి కృతజ్ఞతలు అని సువార్తలు రాసిన మత్తయి, మార్కు, లూకా, యోహాను పేర్లు చెప్పారట.

ఆయన చేతిలో కాగితం ఉండేది కాదు. కెమెరా పక్కన అట్టల మీద రాసి చూపించేవాళ్ళూ లేరు. ఒక్క ప్రసంగానికి గంటలకొద్దీ సిద్ధమయ్యేవారు. విషయం తనకు పూర్తిగా పట్టుబడిందో లేదో చూసుకోవడానికి దాన్నే ఒక మిత్రుడికి ఇటాలియన్‌లో, ఇంకొకరికి ఫ్రెంచ్‌లో చెప్పేవారు. భాష మారిస్తే బట్టీ పట్టిన వాక్యాలు సాయం రావు కదా, అర్థమైనదే మిగులుతుంది. ముగింపు మాటలు ఎంతసేపు పడతాయో ముందే లెక్క కట్టుకునేవారు, గడియారం అక్కడికి రాగానే అందులోకి వెళ్ళిపోయేవారు. నువ్వు కూడా మొట్టమొదట చివరి రెండు నిమిషాలే ఖాయం చేసుకో. నీ వీడియోలో చివర మూడుసార్లు ముగించావు.

బోర్డు సంగతి నాకు చాలా ఇష్టం. పైన జే.ఎం.జే. అని రాసేవారు. మన జేఎంజే సిస్టర్ల పేరులో ఉన్న యేసు, మరియ, జోజప్పలే. బోర్డు నిండాక ఆయన ఇటు నడిస్తే కెమెరా ఆయన వెంటే వచ్చేది, ఈలోపు స్టూడియో మనిషి వచ్చి తుడిచేసేవాడు. ఆ మనిషిని ‘దేవదూత’ అనేవారు. నువ్వూ ఒక బోర్డు పెట్టుకో. చేతికి పని దొరికితే భయం సగం తగ్గుతుంది.

ఇంకో మాట. గుడిలో నీ ఎదురుగా ఉండేది నీ విచారణ జనం, అంటే మన చర్చికి చెందినవాళ్ళే. కేబుల్‌లో అలా కాదు. ఉగాది రోజున ముస్లింలు దేవుని కడప వెంకన్న గుడికి వెళ్ళే ఊరు మనది, పెద్ద దర్గాకు అందరూ వెళ్ళే ఊరు. ఆ ఇళ్ళన్నింటిలోకీ నువ్వు చెప్పులు బయట విడిచి వెళ్తున్నావనుకో. షీన్ కూడా వేరే మతాలవాళ్ళు వింటున్నారని తెలిసి భయం, ప్రేమ, పిల్లల పెంపకం లాంటి అందరి విషయాలతో మొదలుపెట్టేవారు. ‘ప్రియ సహోదరీ సహోదరులారా’ అని గొంతు పెంచొద్దు. మంచం మీద కూర్చున్న ఒక్క మనిషితో మాట్లాడినట్టు మాట్లాడు.

డబ్బు గురించి ఎక్కువ చెప్పను. టీవీ వల్ల వచ్చిన సొమ్ము షీన్ మిషన్ల పనికి ఇచ్చేశారు. నీకు వచ్చేది మొదటి రూపాయి నుంచీ విచారణ లెక్కల్లో రాయించు.

వ్యూస్ ఎన్ని వచ్చాయని పొద్దున్నే ఫోన్ తీయకు. షీన్ గురువైన రోజు నుంచి రోజూ ఒక గంట దివ్యసత్ప్రసాదం, అంటే పూజలో క్రీస్తు శరీరంగా మనం కొలిచే అప్పం ముందు ప్రార్థనలో గడిపారు. అంత పేరొచ్చాకా ఆ గంట వదల్లేదు. 1979 డిసెంబరు 9న తన ప్రార్థనాలయంలోనే కన్నుమూశారు. రికార్డింగ్ ఉన్న రోజున కూడా నీ గంట నీకు ఉండాలి నాయనా, అది పోతే ఈ పని మానుకోమని నేనే చెప్తాను.

ఆదివారం పూజ అయ్యాక ఇంటికి రా. కాగితం తేవద్దు. చిన్నమ్మ వరండాలో శెనక్కాయలు ఒలుస్తూ కూర్చుంటుంది. నీ ప్రసంగం ఆమెకు మన ఇంటి మాటల్లో చెప్పు. ఆమె చేతులు ఎక్కడ ఆగాయో నేను గుర్తు పెట్టుకుంటాను, ఆ చోటి నుంచే మొదలుపెడదాం.

మీ చిన్నాయన