పురాతన ఎముకలపై పరిశోధన: కెమిస్ట్రీ వదలాల్సిన పనిలేదు

ప్రశ్న: మా అమ్మాయి సిద్దిపేటలో బీఎస్సీ కెమిస్ట్రీ రెండో సంవత్సరం చదువుతోంది. పాత ఎముకలు, పళ్ళలోని ఐసోటోపులను (ఒకే మూలకానికి చెందిన వేర్వేరు బరువుల పరమాణువులను) బట్టి అప్పటి మనుషులు ఏం తిన్నారో, ఎక్కడి నుంచి వచ్చారో తెలుసుకునే పరిశోధన చేస్తానంటోంది. అందుకోసం డిగ్రీ అవగానే ఎంఏ హిస్టరీలో చేరతానని పట్టుబడుతోంది. ఉద్యోగం సంగతి తలచుకుంటే మాకు టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు? - ఒక తండ్రి

జవాబు: మీ అమ్మాయి ఎంచుకున్న విషయం చాలా మంచిది. దారే మార్చుకోవాలి. ఈ పనిలో ఎక్కువ భాగం ల్యాబ్‌లోనే జరుగుతుంది. పంటిని శుభ్రం చేసి, కొద్దిగా ఎనామిల్ (పంటి పైపొర) పొడి తీసి, యాసిడ్‌లో కరిగించి, కావలసిన మూలకాన్ని వేరుచేసి పరమాణువులను బరువును బట్టి వేరుచేసి లెక్కించే మాస్ స్పెక్ట్రోమీటర్‌లో కొలుస్తారు. ఇదంతా కెమిస్ట్రీయే. తను ఇప్పుడు చదువుతున్నదే ఇందుకు అసలైన పునాది అని ఆమెకు చెప్పండి.

కొలిచిన అంకెలకు అర్థం ఎలా వస్తుందో మీకూ తెలిస్తే ఆమె ఉత్సాహం అర్థమవుతుంది. వరి, గోధుమల కన్నా జొన్న, సజ్జ, రాగి, కొర్రల్లో కార్బన్-13 అనే బరువైన కార్బన్ ఐసోటోపు వాటా కాస్త ఎక్కువ. ఆ తేడా తిన్నవారి ఎముకల్లోకీ చేరుతుంది. మాంసం, చేపలు, పాలు ఎంతగా తిన్నారో నైట్రోజన్-15 అనే నైట్రోజన్ ఐసోటోపును బట్టి అంచనా వేస్తారు. వలసల సంగతి స్ట్రాన్షియం అనే మూలకం చెబుతుంది. అది రాళ్ళ నుంచి మట్టికి, నీటికి, పంటకు, చివరికి మనిషి పంటికి చేరుతుంది. ఎనామిల్ చిన్నతనంలోనే ఏర్పడి ఆ తర్వాత మారదు కాబట్టి, బాల్యం ఎలాంటి రాతినేల మీద గడిచిందో పన్ను చూసి చెప్పొచ్చు.

ఉత్తరాఖండ్‌లో 5,000 మీటర్లకు పైబడిన ఎత్తులో ఉన్న రూప్‌కుండ్ సరస్సు సంగతే తీసుకోండి. అక్కడి అస్థిపంజరాలన్నీ ఒకే ప్రమాదంలో పోయినవారివని చాలాకాలం అనుకున్నారు. 2019లో వచ్చిన పరిశోధన ఆ ఊహను తిరగరాసింది. డీఎన్ఏ చూసిన 38 మందిలో 23 మంది దక్షిణాసియా వారు, 14 మంది తూర్పు మధ్యధరా ప్రాంతానికి చెందినవారు, ఒకరు ఆగ్నేయాసియా వ్యక్తి. మధ్యధరా వారు అక్కడ చనిపోయింది సుమారు 1800 ప్రాంతంలో, అంటే మిగతా చాలామంది కన్నా దాదాపు వెయ్యేళ్ళ తర్వాత! ఐసోటోపులు కూడా దీన్ని బలపరిచాయి. భారతీయ మూలాలవారిలో కొందరి ఎముకల్లో చిరుధాన్యాల జాడ బాగా కనిపించింది, మధ్యధరా వారిలో అది దాదాపు లేదు. ఆ పరిశోధనలో హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ కీలక భాగస్వామి.

మన దగ్గరే చేయాల్సిన పని ఎంతో ఉంది. వికారాబాద్ వైపు బసాల్ట్ రాయి, హైదరాబాద్ చుట్టూ దాదాపు 250 కోట్ల ఏళ్ళ నాటి గ్రానైట్. రెండింటిలో స్ట్రాన్షియం ఐసోటోపుల నిష్పత్తులు వేర్వేరు. ఇలాంటి తేడాలున్న చోట ఒక నేల నుంచి మరో నేలకు కదిలినవారిని గుర్తించే వీలుంటుంది. పాలమూరు వైపు ఉట్నూరు, అనంతపురం వైపు పాలవాయిలోని బూడిద దిబ్బలు (పశువుల పేడ కాలిన బూడిద గుట్టలు) నవీన శిలాయుగపు పశుపోషకులవి. అలాంటి చోట్ల దొరికే పశువుల పళ్ళను పైనుంచి కిందికి వరుసగా పరీక్షిస్తే, మందలను ఏ కాలంలో ఎటు తోలారో కూడా తెలుసుకోవచ్చు. అయితే మన వేడికి ఎముకలోని కొల్లాజెన్ అనే ప్రొటీన్ త్వరగా పాడవుతుంది. ఇక్కడ పళ్ళకే విలువ ఎక్కువ.

ఇక చదువు. డిగ్రీ తర్వాత ఐఐటీ జామ్ (ఎమ్మెస్సీ ప్రవేశ పరీక్ష) కెమిస్ట్రీ రాసి ఎమ్మెస్సీ చేయమనండి. పదార్థంలో ఏది ఎంత ఉందో తేల్చే అనలిటికల్ కెమిస్ట్రీ మీద పట్టు సంపాదించాలి. ఆపైన సీఎస్ఐఆర్ నెట్ అనే జాతీయ పరీక్ష. అందులో జేఆర్ఎఫ్ (పరిశోధన ఫెలోషిప్) వస్తే నెలకు 37,000 రూపాయలు, అదనంగా హెచ్ఆర్ఏ (ఇంటి అద్దె భత్యం). పీహెచ్‌డీకి హైదరాబాద్‌లోని ఎన్జీఆర్ఐ (భూభౌతిక పరిశోధన సంస్థ), అహ్మదాబాద్‌లోని పీఆర్ఎల్ (ఫిజికల్ రిసెర్చ్ లేబొరేటరీ), లక్నోలోని బీర్బల్ సాహ్ని పురాజీవ శాస్త్ర సంస్థ, బెంగళూరు ఐఐఎస్సీ చూడొచ్చు. పురావస్తు శాస్త్రాన్ని మాత్రం పక్కన పెట్టకూడదు. తవ్వకంలో ఏ పొర నుంచి, ఏ సమాధి నుంచి వచ్చిందో తెలియని పన్ను ఎంత బాగా కొలిచినా పెద్దగా ఉపయోగపడదు. పుణె డెక్కన్ కాలేజీ లాంటి చోట్ల ఈ విషయం తెలిసినవారితో కలిసి పనిచేయడం ఆమె నేర్చుకోవాలి.

మీ టెన్షన్ సంగతి సూటిగానే చెబుతాను. కేవలం ఈ అంశంలోనే శాశ్వత ఉద్యోగాలు మన దేశంలో తక్కువ. పీహెచ్‌డీకి ఐదారేళ్ళు పడుతుంది. కానీ ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చేతిలో ఉంటే యూపీఎస్సీ జియో-సైంటిస్ట్ పరీక్ష ద్వారా జియొలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాలో కెమిస్ట్ పోస్టుకు పోటీ పడొచ్చు. తేనెలో చెరకు పాకం కలిపారా, భూగర్భ జలం ఎక్కడి నుంచి వస్తోంది, క్రీడాకారుడు కృత్రిమ హార్మోన్ వాడాడా అన్నవి తేల్చడానికీ ఐసోటోపులనే కొలుస్తారు. ఎంఏ హిస్టరీకి మారితే ఈ తలుపులన్నీ మూసుకుపోతాయి, అందుకే వద్దంటున్నాను.

ఇండియన్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ మరో రెండు అకాడమీలతో కలిసి సమ్మర్ రిసెర్చ్ ఫెలోషిప్ ఇస్తుంది. నోటిఫికేషన్ రాగానే అర్హత చూసుకుని, మాస్ స్పెక్ట్రోమీటర్ ఉన్న ల్యాబ్‌లో పనిచేసే శాస్త్రవేత్తను ఎంచుకుని దరఖాస్తు చేయమనండి. ఓపికగా శాంపిళ్ళు సిద్ధం చేసే ఆ పని తనకు నచ్చుతుందో లేదో ఎమ్మెస్సీకి ముందే తేలిపోతుంది.