అడ్డసరం: పాఠకుల ప్రశ్నలకు వైద్యుల జవాబులు

ప్రశ్న: దగ్గుకి అడ్డసరం ఆకు రసం మంచిదని విని గుప్పెడు ఆకులు రోట్లో వేసి దంచాను. పిప్పి తప్ప చుక్క రసం రాలేదు. నీళ్ళు పోసి పిండితే పరవాలేదా?

జవాబు: నీళ్ళు పోయకండి. అప్పుడు దిగేది ఆకుపచ్చ నీరే, అందులో మందు ఎంతుందో చెప్పలేం. అడ్డసరం ఆకుకు వేడి తగిలితేగాని రసం వదలదు. అందుకే పూర్వం వైద్యులు దీన్ని పుటపాకం పట్టేవారు: ఆకు ముద్దను వేరే ఆకుల్లో చుట్టి, పైన రెండు వేళ్ళ మందాన మట్టి మెత్తి, నిప్పుల్లో ఆ మట్టి ఎర్రబడేదాకా కాల్చి, లోపలి ముద్దను పిండేవారు. ఇంట్లో అంత హడావిడి అక్కర్లేదు. ముదురు ఆకులు కడిగి, తడి ఆరాక మధ్య ఈనె తీసేసి, ఆవిరి మీద పది నిమిషాలు ఉంచండి. ఆకు వాడి, రంగు ముదరగానే తీసి, వేడి మీదే దంచి గుడ్డలో పిండండి. నీళ్ళలో వేసి ఉడికిస్తే మాత్రం సారమంతా నీళ్ళలోకి పోతుంది, అది కషాయం లెక్క.

పెద్దవాళ్ళు పూటకు 10 మి.లీ. చొప్పున రోజుకు రెండుసార్లు, తేనె కలిపి, తిన్న తరవాత తీసుకోవచ్చు. ఏ పూటకాపూట పిండుకోవాలి. చేదు కదా అని ఒకేసారి గ్లాసెడు మింగేస్తే వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి. ఏడాది నిండని పిల్లలకు తేనె పెట్టకూడదు కాబట్టి వాళ్ళకి ఈ మందు వద్దు.

ప్రశ్న: వాసావలేహ్యం (అడ్డసరం రసంతో చేసే లేహ్యం) చేసి సీసాలో పెట్టాను. వారానికే నురగ కట్టి పులిసిన వాసన వస్తోంది. లోపం ఎక్కడ?

జవాబు: పాకం తక్కువైంది. గ్రంథాల్లోని కొలతలకు తగ్గట్టు రసం 400 మి.లీ. తీసుకుంటే చక్కెర 200 గ్రాములు, పిప్పళ్ళ పొడి 50, నెయ్యి 50, తేనె 200 పడాలి. వడకట్టిన రసంలో చక్కెర కరిగించి సన్నసెగ మీద కాచండి. గరిటె నుంచి తీగ సాగాలి, నీళ్ళలో వేసిన బొట్టు కరగకుండా అడుక్కు దిగాలి. అప్పుడు నెయ్యి, పిప్పళ్ళ పొడి వేసి కలిపి దించెయ్యండి. తేనె మాత్రం పూర్తిగా చల్లారాకే. నీటి శాతం మిగిలితే పులుస్తుంది. తడి చెంచా పెట్టినా అంతే. పులిసినదాన్ని మళ్ళీ కాచి వాడదామనుకోకండి, పారబోయండి. ఇందులో చక్కెర, తేనె కలిపి సగానికి పైనే ఉంటాయి, కాబట్టి మధుమేహం ఉన్నవాళ్ళకు ఇది పనికిరాదు.

ప్రశ్న: మా అమ్మాయికి ఏడో నెల. దగ్గు ఎక్కువగా ఉంది. ఈ కషాయం ఇవ్వచ్చా?

జవాబు: వద్దు. కొద్దిగా కూడా వద్దు. ఇందులోని వాసిసిన్ అనే రసాయనం గర్భాశయాన్ని సంకోచింపజేస్తుంది. ఆమెను చూస్తున్న డాక్టరుకు దగ్గు సంగతి చెప్పండి.

ప్రశ్న: దగ్గు సిరప్‌లు దీనితోనే చేస్తారంటారు. నిజమేనా? క్షయ కూడా తగ్గుతుందా?

జవాబు: మొదటి మాటలో సగం నిజం. ఆకులోని వాసిసిన్‌ను 1888లో హూపర్ అనే శాస్త్రవేత్త వేరుచేశాడు. దాని నిర్మాణం ఆధారంగా ప్రయోగశాలలో తయారైనదే బ్రోమ్‌హెక్సిన్, 1960లలో వాడుకలోకి వచ్చింది. అది ఒంట్లో మార్పు చెందితే వచ్చేది ఆంబ్రాక్సాల్. చిక్కటి కఫాన్ని పలచబరిచే ఈ రెండు మందులూ అడ్డసరానికి వారసులే గానీ, ఆ సీసాలో ఆకు రసం ఉండదు.

ఇక క్షయ. "వాస (అడ్డసరం) ఉండగా, బతుకు మీద ఆశ ఉండగా, రక్తపిత్తం (ఒంట్లోంచి రక్తం పడే జబ్బు), క్షయ, దగ్గు ఉన్నవాడు ఎందుకు కుంగిపోవాలి?" అనే అర్థం వచ్చే శ్లోకం వైద్యులందరి నోటా ఉంటుంది. క్షయకు క్రిమి కారణమని ఎవరికీ తెలియని రోజుల మాట అది. ఈ ఆకు దగ్గును ఉపశమింపజేయగలదు; క్షయకు మాత్రం కనీసం ఆరు నెలల మందుల కోర్సు వాడాల్సిందే. రెండు వారాలు దాటిన దగ్గు, కఫంలో రక్తపు చార, సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం — వీటిలో ఏది కనిపించినా ముందు కఫం పరీక్ష చేయించండి. రసం తాగి దగ్గు కాస్త నెమ్మదిస్తే రోగం ముదిరేదాకా బయటపడదు. మా భయమంతా అదే.

ప్రశ్న: కొమ్మ నాటితే బతుకుతుందా?

జవాబు: చక్కగా. జానెడు పొడవున, మూడు నాలుగు కణుపులుండే ముదురు కొమ్మ తీసుకుని, రెండు కణుపులు మట్టిలోకి పోయేలా నాటండి. నీరు నిలిస్తే కుళ్ళుతుంది. ఊదా చారలున్న తెల్లటి పూలు, రెండు పెదవుల్లా విడిన రేకులు కనిపిస్తే మొక్క అదేనని రూఢి చేసుకోండి. కంచె అక్కర్లేదు, మేకలు కూడా ముట్టవు.