మావాడికి విమానాల పిచ్చి, బొమ్మల పిచ్చి... ఏం చదివించాలి?

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ ఫస్టియర్, ఎంపీసీ. వాడి గది చూస్తే బొమ్మల కొట్టులా ఉంటుంది. యుద్ధ విమానాల మోడళ్లు, రోబో బొమ్మలు, గోడ నిండా యానిమే, అంటే జపాన్ కార్టూన్ల, పోస్టర్లు. పుట్టినరోజు డబ్బులు, పండగ డబ్బులు అన్నీ వాటికే. ఒక్కో కిట్ రెండు మూడు వేలు. 2025 సెప్టెంబరులో మన వాయుసేన మిగ్-21 యుద్ధ విమానాలకు వీడ్కోలు చెప్పిన రోజు రాత్రి అన్నం కూడా సరిగ్గా తినలేదు. మావారు 'అంత ఇష్టముంటే ఎన్‌డీఏ పరీక్ష రాయించి వాయుసేనలో పైలట్‌ని చేద్దాం' అంటున్నారు. వాడేమో జపాన్ వెళ్లి రోబోలు డిజైన్ చేస్తానంటాడు. మార్కులు 75 శాతం దగ్గర ఆగిపోయాయి. ఎనిమిదో తరగతి నుంచి కళ్లజోడు ఉంది. బొమ్మలన్నీ అటకెక్కించేయమంటారా? నాకైతే ఒకటే టెన్షన్. – ఒక తల్లి, ఖమ్మం

జవాబు: అమ్మా, ముందు అటక సంగతి. ఎక్కించకండి. బొమ్మలు పైకెక్కినంత మాత్రాన పుస్తకాలు కిందికి దిగవు. పైగా పదహారేళ్ల పిల్లాడు మీతో మాట్లాడటం మానేస్తాడు. ఇప్పుడు మీకు అన్నిటికంటే అవసరమైంది వాడి మాటలే.

మీ ఉత్తరంలో వాడి దగ్గర ఏమేం ఉన్నాయో రాశారు. వాటితో వాడేం చేస్తాడో రాయలేదు. నేను అడిగేది అదే. కొత్త కిట్ ఇంటికొచ్చిన రోజు కాస్త గమనించండి. పెట్టె విప్పితే కొమ్మకు కాయల్లా ప్లాస్టిక్ ఫ్రేములకు అంటుకున్న ముక్కలుంటాయి. ఒక పిల్లాడు ఆ రాత్రే నిద్ర మానుకుని మొత్తం బిగించేస్తాడు. ఇంకొకడు ముక్కల అంచుల మీద గీత కనబడకుండా శాండ్‌పేపర్‌తో మూడు రోజులు రుద్దుతాడు. మరొకడికి రంగులు కలపడమే పండగ. ఒకడు ఆ విమానం ఏ దేశానిది, ఏ స్క్వాడ్రన్‌ది, ఇంజిన్ ఏది అని తవ్వుతూ కూర్చుంటాడు. ఇంకొకడు అసలు పెట్టే విప్పడు, ధర పెరుగుతుందని దాచుకుంటాడు. అందరూ 'నాకు విమానాలంటే పిచ్చి' అనే అంటారు. వాళ్లు వెళ్లాల్సిన చోట్లు మాత్రం వేరు.

ఒకప్పుడు నా దగ్గరికి వచ్చిన ఒక కుర్రాడు గుర్తొస్తున్నాడు. అమెరికా ఫైటర్ల గురించి పది నిమిషాలు చెప్పమంటే నలభై నిమిషాలు చెప్పాడు. అందులో ముప్పై నిమిషాలు ఏ మోడల్ ఎక్కడ చవకగా దొరుకుతుంది, ఎవరి దగ్గర కొని ఎవరికి అమ్మాడు అన్నదే. వాళ్ల నాన్న ఏరోనాటికల్‌లో చేర్పిస్తానన్నారు. నేను బీకామ్ అన్నాను. నాన్నగారికి కోపమొచ్చింది. అబ్బాయి ఇప్పుడు వైద్య పరికరాల కంపెనీలో కొనుగోళ్ల విభాగం చూస్తున్నాడు, హాయిగా ఉన్నాడు. నా లెక్క ప్రతిసారీ సరిపోయిందని చెప్పను గానీ, ఆసారి సరిపోయింది.

మీవాడి గదిలో విమానాలు, యానిమే, బొమ్మలు మూడూ ఉన్నాయని మీరు కంగారు పడుతున్నారు, ఒక్కదాని మీదా నిలకడ లేదేమోనని. నిజానికి ఆ మూడూ ఒక్కటే. 1982లో జపాన్ టీవీలో మాక్రాస్ అనే యానిమే వచ్చింది. అందులో వాల్కిరీ అనే ఫైటర్ ఉంటుంది. చూడ్డానికి అమెరికా నౌకాదళం ఎఫ్-14 టామ్‌క్యాట్‌లా ఉండి, కాళ్లు చేతులు విప్పుకుని రోబోగా మారుతుంది. దాన్ని గీసిన షోజీ కవామోరి బొమ్మల కంపెనీలకూ పనిచేశాడు. ఆయన డిజైన్ చేసిన బొమ్మలు కొన్ని తర్వాత అమెరికా వెళ్లి ట్రాన్స్‌ఫార్మర్స్ అనే రోబో బొమ్మల పేరుతో అమ్ముడుపోయాయి. వాల్కిరీ బొమ్మ కూడా 1985లో జెట్‌ఫైర్ అనే పేరుతో అందులో చేరింది. రెక్క ఎక్కడ మడవాలి, మడిచాక చెయ్యి ఎక్కడ ఇమడాలి అన్నది తేల్చుకోవడానికి కవామోరి లెగో ముక్కలతో నమూనాలు కట్టుకుంటాడు. బొమ్మ గీయడంతో అయిపోయే పని కాదది. కాగితం మీద మారే రోబో ప్లాస్టిక్‌లోనూ విరగకుండా మారాలి. ఈ పేరు మీవాడి దగ్గర ఎత్తి చూడండి. మీకు తెలియని అబ్బాయి ఒకడు బయటికొస్తాడు.

మీవాడు బిగించే రకమో, రుద్దే రకమో అయితే, అంటే చేతులు ముందుండే పిల్లాడైతే, నేను చూపించే దారి ఎవరూ పెద్దగా చెప్పనిది. ఆ కిట్లలోని ముక్కలు జిగురు లేకుండానే టక్కున ఎందుకు అతుక్కుంటాయి? ఉక్కు దిమ్మలో చెక్కిన అచ్చు అంత కచ్చితంగా ఉంటుంది కాబట్టి. ఆ అచ్చులోకి కరిగిన ప్లాస్టిక్‌ను ఒత్తిడితో పంపి, చల్లార్చి, తీస్తారు. అచ్చు గోడలు నిట్టనిలువుగా ఉంటే ముక్క ఊడిరాదు. ఇడ్లీ రేకు గుంట కింద ఇరుకై పైకి వెడల్పవుతుంది కదా, అదే సూత్రం. ప్లాస్టిక్ ఎటు నుంచి పోయాలి, చల్లారాక ఎంత కుంచించుకుపోతుంది, అతుకు గీత కనబడని చోట ఎలా పడాలి... ఇదంతా ఒక చదువు, ఒక ఉద్యోగం. మీవాడు శాండ్‌పేపర్‌తో రుద్దే ఆ గీత, అచ్చు రెండు సగాలూ కలిసిన చోటో, ఫ్రేము నుంచి ముక్క తుంచిన చోటో మిగిలిన గుర్తు. ఆ మాట ఒకసారి వాడికి చెప్పండి, మొహం చూడండి.

ఈ చదువుకు జపాన్ దాకా వెళ్లనక్కర్లేదు. హైదరాబాద్ బాలానగర్‌లో సీఐటీడీ ఉంది, 1968లో పెట్టిన కేంద్ర ప్రభుత్వ సంస్థ. టూల్, డై, మౌల్డ్ తయారీలో, అంటే పనిముట్లు, అచ్చుల తయారీలో పేరున్న చోటు. ప్లాస్టిక్ వైపు సిపెట్ అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఉంది, దానికి హైదరాబాద్‌లోనూ విజయవాడలోనూ కేంద్రాలున్నాయి. రెండింటిలోనూ పది తర్వాత చేరే డిప్లొమాలున్నాయి. మీవాడిని ఇంటర్ మానిపించమని నేను అనడం లేదు. ఇంటర్ పూర్తిచేసి మెకానికల్ ఇంజినీరింగ్ చదివాక కూడా సీఐటీడీలో టూల్ డిజైన్ పీజీ కోర్సు చేయొచ్చు. ఈ విద్య వచ్చినవాడికి బొమ్మల కంపెనీయే దిక్కు కాదు. కారు డ్యాష్‌బోర్డు, సిరంజి, ఫోన్ కవర్ అన్నీ అచ్చుల్లోంచి వచ్చేవే. కర్ణాటకలో ఏక్వస్ అనే కంపెనీ బెళగావిలో విమాన భాగాలు చేస్తుంది, కొప్పళ్‌లో బొమ్మల క్లస్టర్ నడుపుతుంది. మీవాడి అల్మారాలో పక్కపక్కనున్న రెండూ ఒకే కంపెనీ గొడుగు కింద ఉన్నాయన్నమాట.

అసలైన విమానాలే కావాలంటే అవీ మీకు దూరం కాదు. హైదరాబాద్ దగ్గర ఆదిభట్లలో సీ-130జే రవాణా విమానాల తోక భాగాలు, అపాచీ హెలికాప్టర్ల బాడీలు తయారవుతున్నాయి. రఫేల్ యుద్ధ విమానాల ఫ్యూజ్‌లాజ్‌లు, అంటే బాడీలు, హైదరాబాద్‌లో చేయడానికి ఫ్రాన్స్ కంపెనీ దసోకూ టాటాలకూ మధ్య 2025 జూన్‌లో ఒప్పందం కుదిరింది. కానీ ఒక హెచ్చరిక. 'ఏరోనాటికల్' అన్న పేరు చూసి ఏదో ఒక కాలేజీలో చేర్పించకండి. నా దగ్గరికి వచ్చిన ఒకమ్మాయి అలాగే చేరింది. నాలుగేళ్లలో ల్యాబ్‌లో చూసింది దుమ్ముపట్టిన పాత ఇంజిన్ ఒక్కటే, దాన్నీ ముట్టుకోనివ్వలేదట. మంచి ఐఐటీలోనో, తిరువనంతపురంలోని అంతరిక్ష విద్యాసంస్థ ఐఐఎస్‌టీలోనో ఏరోస్పేస్ సీటు వస్తే కళ్లు మూసుకుని చేరొచ్చు. రాకపోతే మంచి కాలేజీలో మెకానికల్ మేలు. విమాన భాగాల ఫ్యాక్టరీల్లో మెకానికల్ వాళ్లకూ చోటుంటుంది.

ఇక గీసే రకమైతే డిజైన్ వైపు చూడాలి. బీడిజైన్ నాలుగేళ్లు. ఐఐటీ హైదరాబాద్, బాంబే, గువాహటి లాంటి చోట్ల సీట్లకు యూసీడ్ పరీక్ష, ఐఐటీ బాంబే నిర్వహిస్తుంది. ఎన్‌ఐడీలకు, అంటే జాతీయ డిజైన్ సంస్థలకు, విడిగా డ్యాట్ అనే పరీక్ష ఉంటుంది. ఆంధ్రప్రదేశ్‌లో కూడా ఒక ఎన్‌ఐడీ ఉంది. ఎంపీసీ అయినా, మరే గ్రూపైనా రాయొచ్చు. వీటిలో బొమ్మ గీయించి చూస్తారు, కానీ అందంగా గీశాడా అన్నదానికంటే ఎలా ఆలోచించాడన్నది ముఖ్యం. యానిమే పోస్టర్ చూసి అచ్చుగుద్దినట్టు దింపే పిల్లలు ఇక్కడే దెబ్బతింటారు. మీవాడిని ఇంట్లో ప్రెషర్ కుక్కర్ మూతను మూడు వైపుల నుంచి చూసి గీయమనండి. విసుక్కోకుండా గీస్తే ఆశ ఉంది. అహ్మదాబాద్ ఎన్‌ఐడీకి చెందిన గాంధీనగర్ క్యాంపస్‌లో బొమ్మలు, ఆటల డిజైన్‌కు ప్రత్యేకంగా ఎండిజైన్ అనే పీజీ కోర్సు ఉంది. ఏటికొప్పాక లక్కబొమ్మల్ని, కొండపల్లి బొమ్మల్ని చూస్తూ పెరిగిన మన పిల్లలకు బొమ్మల చదువంటే నామోషీ ఎందుకో నాకు అర్థం కాదు.

జపాన్ గురించి. మెక్స్ట్ అని జపాన్ ప్రభుత్వ స్కాలర్‌షిప్ ఉంది. ఇంటర్ అయినవాళ్లు డిగ్రీకి కూడా దరఖాస్తు చేయొచ్చు, ఎంపికైతే ఫీజులు, నెలనెలా ఖర్చులు వాళ్లే భరిస్తారు. పోటీ గట్టిది. యానిమే స్టూడియోల్లో కొత్తగా చేరిన యానిమేటర్లకు పని ఎక్కువ, జీతం తక్కువ అన్నది అక్కడివాళ్లే దాచకుండా చెబుతారు. మీవాడు నిజంగా అంటున్నాడా, ఊరికే అంటున్నాడా తెలియాలంటే హిరగనా, కటకనా అక్షరాలు నెలలో నేర్చుకుని రమ్మనండి. కిట్ పెట్టెల మీది రాతలు సొంతంగా కూడబలుక్కుని చదవగలిగిన రోజు మళ్లీ మాట్లాడుకుందాం.

మీవారి మాటకు వద్దాం. ఎన్‌డీఏ, అంటే సైనిక అధికారులను తయారుచేసే అకాడమీ, గొప్ప అవకాశమే. యూపీఎస్సీ ఏటా రెండుసార్లు పరీక్ష పెడుతుంది. రాతపరీక్ష 900 మార్కులకు, అందులో లెక్కలు 300. ఆ తర్వాత సైన్యం ఎంపిక బోర్డు చేసే ఎస్‌ఎస్‌బీ ఇంటర్వ్యూ మరో 900. వాయుసేనకు ఎంపీసీ సరిపోతుంది. కానీ ఎస్‌ఎస్‌బీలో మిగ్-21 మన వాయుసేనలో ఏ సంవత్సరం చేరిందో చెప్పినందుకు మార్కులు పడవు. మీవాడు 1963 అని నిద్రలో కూడా చెబుతాడు, నాకు తెలుసు. అక్కడ చూసేది నలుగురిలో ఎలా ఉంటాడు, ఒత్తిడిలో ఏం నిర్ణయం తీసుకుంటాడు అని. విమానం మీద ఇష్టం వేరు, సైన్యంలో బతుకు మీద ఇష్టం వేరు. తెల్లవారుజామున లేచి పరుగెత్తే అలవాటు ఆ గదిలో కనిపించిందా? పైగా కళ్లజోడు. ఫ్లయింగ్ బ్రాంచ్‌కు చూపు, రంగుల గుర్తింపు నిబంధనలు కఠినంగా ఉంటాయి. నోటిఫికేషన్‌లోని ఆ పేజీ ప్రింట్ తీసుకుని కంటి డాక్టర్‌కు చూపించండి. ఏడాది కోచింగ్ అయ్యాక తెలిసే సంగతి ముందే తెలుస్తుంది. ఎగరడం కుదరకపోతే ఇంజినీరింగ్ తర్వాత వాయుసేన పెట్టే ఆఫ్‌క్యాట్ పరీక్ష రాసి టెక్నికల్ బ్రాంచ్‌లో చేరే దారి ఉంది.

డబ్బు గురించి మీరు ఇబ్బందిపడుతూ రాశారు. విదేశీ బొమ్మల మీద దిగుమతి సుంకం 2020లో 20 నుంచి 60 శాతానికి, 2023లో 70కి పెరిగింది. ఆ ధరల్లో సగం తప్పు మీవాడిది కాదు. నెలకు ఇంత అని చెప్పి చేతికివ్వండి, లెక్క రాయమనండి. పాత కిట్ పూర్తి కాకుండా కొత్తది కొనొద్దు. 'ధర పెరుగుతుంది, పెట్టుబడి నాన్నా' అంటే మాత్రం నమ్మకండి, ఖమ్మంలో కొనేవాడెవడో అడగండి. స్ప్రే రంగులు కిటికీ తెరిచి, మాస్కు పెట్టుకుని వాడమనండి. ఇంకో మాట, విమానాల ఫొటోలు తీయాలని హకీంపేట, దుండిగల్ వాయుసేన స్థావరాల ప్రహరీల దగ్గర తచ్చాడనివ్వొద్దు. రక్షణ స్థావరాల దగ్గర కెమెరా ఎత్తితే కేసవుతుంది, పిల్లాడి సరదా అంటే ఎవరూ వినరు.

దానికి బదులు దసరా సెలవుల్లో వైజాగ్ రైలెక్కండి. ఆర్కే బీచ్‌లో నౌకాదళం వాడిన టీయూ-142 విమానాన్ని మ్యూజియంగా పెట్టారు, లోపలికి వెళ్లి చూడొచ్చు. చేతికి ఒక నోట్‌బుక్, పెన్సిల్ ఇచ్చి మీరు బయట బెంచీ మీద కూర్చోండి. తొందరపెట్టకండి. బయటికొచ్చాక నోట్‌బుక్‌లో ఏముందో చూడండి: రివెట్ల వరసలా, బొమ్మలా, తేదీలూ అంకెలా, లేక సెల్ఫీలు తీసుకుని ఖాళీగా వచ్చాడా. అది నాకు రాయండి. కంటి డాక్టర్ దగ్గరికి మాత్రం దసరా దాకా ఆగకుండా ఈ నెలలోనే వెళ్లిరండి.