డార్బీషైర్‌లోని పాత భవనాలు, తోటలు: అమ్మానాన్నలతో వెళ్ళేవారికి నా అనుభవం

జూన్‌లో మాంచెస్టర్ వస్తున్న మీ అమ్మానాన్నలకు ఒక్క శని, ఆదివారాల్లో ఇంగ్లండులోని డార్బీషైర్‌లో ఉన్న చాట్స్‌వర్త్, హాడన్, హార్డ్‌విక్, కెడల్‌స్టన్ అనే నాలుగు పాత భవనాలూ చూపించవచ్చా, పాత కట్టడాలను కాపాడే నేషనల్ ట్రస్ట్ అనే సంస్థ సభ్యత్వం తీసుకోవాలా, మోకాళ్ళ నొప్పులున్న అమ్మగారు వాటిలో తిరగగలరా అని మీరు అడిగారు. నేను కొన్నేళ్ళుగా డార్బీలో ఉంటున్నాను. మా అమ్మానాన్నలను ఈ నాలుగు చోట్లకూ తీసుకువెళ్ళాను కాబట్టి నా సలహా సూటిగా చెబుతాను: నాలుగు వద్దు, రోజుకు ఒకటి చొప్పున రెండు చూపించండి. శనివారం చాట్స్‌వర్త్, ఆదివారం కెడల్‌స్టన్. మొదటిసారి నేను ఒకే రోజు మూడు భవనాలు పెట్టుకున్నాను. సాయంత్రానికి అమ్మకు ఏ గది ఏ ఇంట్లో చూసిందో కూడా గుర్తులేదు. నాన్న మూడో చోట కారు దిగనే లేదు. అంత దూరం నుంచి వచ్చిన పెద్దవాళ్ళను అలా పరుగులు పెట్టించినందుకు నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

చాట్స్‌వర్త్ డెవన్‌షైర్ డ్యూకుల ఇల్లు, అంటే కావెండిష్ కుటుంబానిది. బేక్‌వెల్ ఊరికి దగ్గరలో, డెర్వెంట్ నది ఒడ్డున ఉంటుంది. ఇప్పుడు కనిపించే భవనంలో ప్రధాన భాగాన్ని మొదటి డ్యూకు 1687 నుంచి 1707 వరకు కట్టించాడు. చాలామంది నేరుగా ఇంట్లోకి వెళ్ళి, గదులన్నీ తిరిగి, అలసిపోయిన తరువాత తోటలోకి వస్తారు. మీరు దీనికి సరిగ్గా వ్యతిరేకంగా చేయండి. తోట 105 ఎకరాలు ఉంటుంది కాబట్టి ఒంట్లో ఓపిక ఉన్న ఉదయం వేళను తోటకే కేటాయించి, భోజనం తరువాత ఇల్లు చూడండి.

ఆ తోటలో మా నాన్నను కట్టిపడేసింది ఎంపరర్ ఫౌంటెన్. రష్యా చక్రవర్తి మొదటి నికొలస్ చాట్స్‌వర్త్ వస్తాడన్న ఆశతో 1844లో ఆరో డ్యూకు దీన్ని పెట్టించాడు, చక్రవర్తి మాత్రం రానేలేదు. దీని పనితీరు తెలుసుకోవడానికి నాన్న చాలాసేపు అక్కడే నిలబడిపోయారు. ఆయన పులివెందుల దగ్గర అరటి రైతు, బోర్లు, మోటార్లు, కరెంటు కోతలతోనే ఆయన జీవితం గడిచింది. "మోటారు లేకుండానే ఇంత ఎత్తుకు ఎట్లా ఎగజిమ్ముతాందిరా?" అని నన్ను అడిగారు. భవనం వెనుక అడవి పైన ఉన్న గుట్ట మీద జోసెఫ్ పాక్స్‌టన్ అనే ప్రధాన తోటమాలి సుమారు ఎనిమిది ఎకరాల చెరువు తవ్వించాడు. అక్కడి నుంచి గొట్టంలో కిందికి దిగే నీటి ఒత్తిడే నీటిని పైకి చిమ్ముతుంది. ఒకప్పుడు ఆ ధార 296 అడుగుల ఎత్తుకు లేచిందని లెక్క. నాన్నకు నేను "పైన చెరువు, కింద తూము, అంతే" అని చెప్పగానే ఆయన ముఖం వెలిగిపోయింది. ఆ తరువాత ఆయన భవనాన్ని చూసిన తీరే మారిపోయింది. ఎక్కడికి వెళ్ళినా నీళ్ళు ఎటునుంచి వస్తున్నాయో వెతుక్కుంటూ నడిచారు. దగ్గరలోనే మెట్లమెట్లుగా నీరు జారే కాస్కేడ్ ఉంది. దానిలో 24 అంచెలున్నాయి, ఒక్కో అంచె కొలత కొద్దిగా వేరుగా ఉండడం వల్ల నీటి చప్పుడు కూడా మారుతూ ఉంటుంది. మూడు వందల ఏళ్ళు దాటిన కట్టడం కావడంతో దానికి పెద్ద మరమ్మతులు అవసరమయ్యాయి. కాబట్టి మీరు వెళ్ళే రోజుల్లో నీరు పారుతోందో లేదో ముందుగా కనుక్కోండి.

అరటి సంగతి వేరే చెప్పాలి. మన కడప, అనంతపురం జిల్లాల్లో జీ-9 అని పిలిచే గ్రాండ్ నైన్ అరటి కావెండిష్ తెగకు చెందినది. ఆ తెగకు పేరు వచ్చింది ఈ కుటుంబం నుంచే. 1830 ప్రాంతంలో మారిషస్ మీదుగా ఇంగ్లండు చేరిన ఒక మొక్కను పాక్స్‌టన్ సంపాదించి చాట్స్‌వర్త్ గాజు ఇంట్లో పెంచాడు. అది 1835 చివర్లో పువ్వు వేసి, మరుసటి ఏడాది కాపుకు వచ్చింది. దానికి డ్యూకు ఇంటిపేరు పెట్టారు. మేము వెళ్ళినప్పుడు గాజు ఇంట్లో అరటి చెట్టు ఉంది. ముప్పై ఏళ్ళుగా కావెండిష్ అరటిని సాగు చేస్తున్న మనిషి ఆ పేరు గల ఇంటి తోటలో నిలబడి, అరటి ఆకు అంచును రెండు వేళ్ళతో మెల్లగా సవరించి, "పిలకలు తీయలేదు" అన్నారు. ఆ క్షణం కోసమైనా నాన్నను అక్కడికి తీసుకువెళ్ళడం మంచిదైందని నేను అనుకుంటాను. మీ నాన్నగారికి వ్యవసాయంతో పరిచయం ఉంటే గాజు ఇల్లు తెరిచి ఉండే వేళలు తప్పక అడగండి.

ఇక కెడల్‌స్టన్. డార్బీ నుంచి కారులో పావుగంట ప్రయాణం. 1899 నుంచి 1905 వరకు మన దేశానికి వైస్రాయిగా ఉన్న కర్జన్ 1859లో పుట్టింది ఈ ఇంట్లోనే. కలకత్తాలోని రాజభవనాన్ని, అంటే అప్పటి గవర్నమెంట్ హౌస్‌ను, 1803 నాటికి ఈ భవనం నమూనాలోనే కట్టారు. తన సొంత ఇంటిని పోలిన భవనంలోనే కర్జన్ వైస్రాయిగా నివసించాడన్నమాట. లోపల పాలరాతిని పోలిన అలబాస్టర్ రాతి స్తంభాలు ఇరవై ఉన్న హాలు వాస్తుశిల్పి రాబర్ట్ ఆడమ్ పనితనానికి గొప్ప ఉదాహరణ. అయితే మన వాళ్ళు ఎక్కువసేపు ఆగేది కింది అంతస్తులోని ఈస్టర్న్ మ్యూజియంలో. కర్జన్ ఆసియాలో తిరుగుతూ సేకరించినవి, కానుకలుగా అందుకున్నవి అక్కడ ఉన్నాయి. 1903 ఢిల్లీ దర్బారు సందర్భంగా లేడీ కర్జన్ ధరించిన నెమలికన్నుల గౌను కూడా ఈ ఇంటిదే. దాని మీద బంగారు, వెండి తీగల జరీ పని మన కళాకారులు చేసిందే. నెమలికన్నుల మధ్యలో పచ్చగా మెరిసేవి రాళ్ళు కావు, పురుగుల రెక్కల పెంకులు.

అక్కడికి వెళ్ళే ముందు రోజు రాత్రి మీ నాన్నగారితో కర్జన్ గురించి మాట్లాడండి. 1902లో నిజాం మహబూబ్ అలీ ఖాన్ నుంచి బేరారు ప్రాంతాన్ని శాశ్వత కౌలుకు రాయించుకున్నది ఆయనే. 1905లో బెంగాలును విభజించిందీ ఆయనే. ఆ విభజన వల్ల లేచిన వందేమాతరం ఉద్యమమే 1907లో బిపిన్ చంద్రపాల్‌ను రాజమండ్రి దాకా తీసుకువచ్చింది. మరోవైపు 1904 నాటి పురాతన కట్టడాల రక్షణ చట్టం కూడా ఆయన కాలానిదే. ఈ రెండు వైపుల సంగతులూ తెలిసి ఆ గదుల్లో నడిస్తే అద్దాల వెనుక ఉన్న వస్తువులు కేవలం అలంకారాలుగా కనిపించవు. ప్రతి గదిలోనూ ఉండే వలంటీర్లను సంకోచించకుండా అడగండి. ఎక్కువమంది పదవీ విరమణ చేసిన పెద్దలు, ప్రేమగా, ఓపికగా చెబుతారు. నేను అనువదిస్తుంటే మా అమ్మ వాళ్ళను అడిగిన ప్రశ్నలు నాకు తట్టనివి.

మిగిలిన రెండింటి గురించి క్లుప్తంగా చెబుతాను. హార్డ్‌విక్ 1590లలో బెస్ ఆఫ్ హార్డ్‌విక్ అనే సంపన్నురాలు కట్టించిన అద్భుతమైన ఇల్లు, గోడల కంటే కిటికీలే ఎక్కువ అనిపిస్తుంది. కానీ ఆమె ముఖ్యమైన గదులన్నిటినీ పై అంతస్తులోనే పెట్టించింది. అక్కడికి చేరాలంటే పొడవైన రాతి మెట్లు ఎక్కాలి. మోకాళ్ళ నొప్పులున్నవారికి నేను సిఫారసు చేయను. హాడన్ దాదాపు రెండు వందల ఏళ్ళు ఎవరూ కాపురం లేకుండా ఉండిపోవడం వల్లనే పాత రూపం చెడకుండా మిగిలింది. జూన్‌లో అక్కడి గులాబీలు బాగుంటాయి, అయితే గేటు దగ్గర ఎత్తు ఎక్కాలి, లోపల నేల ఎగుడుదిగుడు. మా అమ్మ మాత్రం అక్కడి వంటింట్లో, తరతరాలుగా కత్తిపోట్లకు అరిగి గుంటపడిన చెక్కబల్ల దగ్గర ఆగి, మా ఊరి రోటిని గుర్తు చేసుకుంది.

సభ్యత్వం విషయానికి వస్తే, కెడల్‌స్టన్, హార్డ్‌విక్ రెండూ నేషనల్ ట్రస్టువి, చాట్స్‌వర్త్, హాడన్ కావు. హార్డ్‌విక్ కూడా ఒకప్పుడు డెవన్‌షైర్ కుటుంబానిదే. 1950లో పదో డ్యూకు చనిపోయినప్పుడు ఆస్తి మీద నూటికి ఎనభై వంతుల పన్ను పడడంతో దాన్ని ప్రభుత్వానికి వదులుకోవలసి వచ్చింది, 1959లో అది ట్రస్టు చేతికి వచ్చింది. మీరు ఈ ఒక్క వారాంతమే తిరిగేటట్లయితే విడిగా టికెట్లు కొనండి. ఏడాదిలో ఇంకో నాలుగైదు చోట్లకు వెళ్ళే ఉద్దేశం ఉంటేనే సభ్యత్వం గిట్టుబాటు అవుతుంది.

టికెట్లు కొనేటప్పుడు పార్కు తెరిచే రోజులు, ఇల్లు తెరిచే రోజులు వేరువేరుగా చూసుకోండి. ఒకసారి మేము వానలో గంటన్నర కారు నడుపుకుంటూ వెళితే పార్కు తెరిచే ఉంది కానీ ఇంటి తలుపులు మూసి ఉన్నాయి. అమ్మగారికి చక్రాల కుర్చీ అవసరమనిపిస్తే ముందు రోజే ఫోన్ చేసి అడగండి. జూన్ అయినా స్వెట్టరు, గొడుగు కారులో ఉంచండి. చాట్స్‌వర్త్ పార్కులో నది ఒడ్డున గడ్డి మీద కూర్చుని తినవచ్చు కాబట్టి పులిహోర, పెరుగన్నం డబ్బాలో పెట్టుకువెళ్ళండి. గొర్రెలు దగ్గరికి వస్తాయి, వాటికి ఏమీ పెట్టకండి.