ఆపరేషన్ మధ్యలో ప్లాన్ మారితే కన్ను పోయినట్టేనా?

ప్రశ్న: మాది చీపురుపల్లి దగ్గర పల్లెటూరు. రెండేళ్ల కిందట కళ్లంలో నూర్పిడప్పుడు నాన్న కంట్లో వరి ఊక పడింది. ఎవరో చెబితే ఆకు పసరు పోశాం, పుండయింది, మానాక నల్లగుడ్డు మీద పువ్వు మిగిలింది. నెల కిందట కార్నియా (నల్లగుడ్డు మీద అద్దంలా ఉండే పొర) మార్పిడి చేశారు. పై పొరలే మారుస్తామన్నవాళ్లు, మధ్యలో లోపలి పొర చిరిగిందని మొత్తం మార్చేశారు. వాళ్ల తప్పేనా? చూపు వస్తుందా? ఈసారి కోతలకి తనూ వస్తానని నాన్న ఒకటే గొడవ.

జవాబు: ముందు టెన్షన్ తగ్గించుకోండి. కార్నియా మందమే మధ్యలో సుమారు అర మిల్లీమీటరు, దాని అడుగున ఉండే డెస్మెట్ పొరయితే మిల్లీమీటరులో నూరోవంతు. పైనున్నదంతా తీసి ఆ పొరను మిగల్చడమంటే, పచ్చి కోడిగుడ్డు పెంకు వలిచి లోపలి పల్చటి పొర చిరగకుండా చూడటం లాంటిది. పువ్వు లోతుగా దిగి ఆ పొరకు అతుక్కుని ఉంటే మంచి సర్జన్ చేతిలోనూ చిరుగుతుంది. చిన్న చిరుగైతే గాలి బుడగ పెట్టి నెట్టుకొస్తారు, పెద్దదైతే మొత్తం మార్చాల్సిందే. చిరిగిందన్న మాటతోనే తప్పు చేశారనుకోలేం, పైగా మీకు దాచకుండా చెప్పారు. ఆపరేషన్‌లో నిజంగా భయపడేది వేరే ఉంది, కన్ను తెరిచి ఉండగా వెనక పొరల్లో రక్తస్రావం కావడం. అది అరుదు, కానీ చూపే పోవచ్చు. మీరు రాసినదాన్నిబట్టి నాన్నగారికి అది జరగలేదు.

కొత్త కార్నియా తేటగా నిలబడితే మొత్తం మార్చిన కంటికీ మంచి చూపే వస్తుంది. కాకపోతే నెలలు పడుతుంది, కుట్లు తీయడానికే ఏడాది దాటొచ్చు, ఆ తర్వాత కూడా కళ్లజోడు అవసరం పడుతుంది. పోయిందల్లా ఒకటే: లోపలి పొర కణాలు ఇప్పుడు దాతవి, కాబట్టి ఒళ్లు వాటిని పరాయివనుకుని తిరగబడే అవకాశం ఉంది, అది ఏళ్ల తర్వాతైనా రావచ్చు. కన్ను ఎర్రబడినా, వెలుతురు చూడలేకపోయినా, నొప్పి వచ్చినా, నిన్నటికంటే మసకేసినా అదే రోజు ఆపరేషన్ చేసినచోటికి తీసుకెళ్లండి. వెంటనే మందు పడితే చాలాసార్లు నిలబడుతుంది. సోమవారం చూద్దాంలే అనుకుని కార్నియా పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు. ఒళ్లు అలా తిరగబడకుండా వేసే స్టెరాయిడ్ చుక్కలు బాగానే ఉందని మీరే ఆపకండి, మెడికల్ షాపులో అడిగి మీరే పొడిగించకండి. వాటివల్ల కంట్లో ప్రెషర్ పెరగొచ్చు, అందుకే చెకప్ మానకూడదు.

ఇక కోతలంటారా, ఈ ఏడాది వద్దనే చెబుతాను. కుట్లుపడ్డ అంచు ఎన్నేళ్లయినా పుట్టుకతో ఉన్నంత గట్టిపడదు, ఒక్క దెబ్బకే విచ్చుకోవచ్చు. బస్తాలు ఎత్తనివ్వకండి, రాత్రి కంటికి షీల్డ్ కట్టండి. వచ్చే ఏడు డాక్టరు సరేనంటే, పక్కలు మూసి ఉండే కళ్లద్దాలు పెట్టుకుని గట్టు మీద నిలబడి పని చేయించమనండి, కళ్లంలోకి మాత్రం దిగొద్దు. మళ్లీ ఏం పడ్డా మంచినీళ్లతో కడిగి ఆసుపత్రికి తీసుకెళ్లండి. పసరు పోయకండి మహాప్రభో!