పాత ముద్రణ అయినంత మాత్రాన ప్రామాణికమా?

ప్రశ్న: మా అమ్మాయి బీథోవెన్ ఓపస్ (రచనల వరుస సంఖ్య) 31లోని మొదటి పియానో సొనాటా నేర్చుకుంటోంది. ఇంటర్నెట్‌లో దొరికిన 1803 నాటి జూరిక్ ముద్రణను ఇప్పటి పుస్తకంతో పోల్చి చూస్తే, మొదటి భాగం చివర పాతదానిలో నాలుగు బార్లు (సంగీతాన్ని తాళం లెక్కన విడగొట్టే గళ్లు) ఎక్కువగా ఉన్నాయి. స్వరకర్త బతికుండగా అచ్చయిన పాఠాన్ని కాదని వాటిని ఎందుకు తీసేశారు?
— ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: ఆ నాలుగు బార్లూ బీథోవెన్ రాసినవి కావు. జూరిక్ ప్రచురణకర్త నేగెలి స్వయంగా సంగీతం రాసేవాడు. ఆ చోట బార్ల లెక్క సమంగా కుదరలేదనిపించి కాబోలు, స్వరకర్తను అడగకుండానే తన సొంత బార్లు నాలుగు చేర్చి అచ్చు వేయించాడు. మన కావ్య పరిష్కర్తల మాటల్లో ఇది అచ్చమైన ప్రక్షిప్తం. బీథోవెన్ శిష్యుడు ఫెర్డినాండ్ రీస్ ఈ సంగతిని తన జ్ఞాపకాల్లో రాశాడు. జూరిక్ నుంచి వచ్చిన అచ్చుప్రతిని తాను వాయిస్తూ ఉండగా, బల్ల దగ్గర రాసుకుంటున్న బీథోవెన్ ఆ చోటు రాగానే ఒక్క ఉదుటున లేచి, తనను పియానో దగ్గరి నుంచి దాదాపు తోసేసినంత పని చేసి, అది ఎక్కడ రాసి ఉందని గద్దించాడట. ఆ తర్వాత తప్పుల పట్టిక తయారై బాన్ నగరంలోని ప్రచురణకర్త సిమ్‌రాక్‌కు చేరింది. ‘మిక్కిలి సరైన కూర్పు’ అని ఫ్రెంచిలో ముఖపత్రం మీదే వేసుకొని సిమ్‌రాక్ ఆ సొనాటాలను మళ్లీ అచ్చు వేశాడు. బీథోవెన్ చేతిరాత ప్రతి ఇప్పుడు దొరకదు కాబట్టి, ఇక్కడ మొదటి ముద్రణ కంటే తర్వాత వచ్చిన ముద్రణకే ఎక్కువ విలువ ఇవ్వవలసి వస్తుంది.

పైగా ఆనాటి అచ్చు పద్ధతి ప్రకారం ‘మొదటి ముద్రణ’ అన్నది కూడా ఒకే పాఠమని చెప్పలేము. స్వరాలను లోహపు పలక మీద అద్దంలో కనిపించినట్టు తిరగేసి చెక్కేవారు. తప్పు దొరికితే పలకను వెనక నుంచి సుత్తితో కొట్టి, ఆ చోటును చదును చేసి మళ్లీ చెక్కేవారు. అందువల్ల ముఖపత్రమూ, పేజీ అడుగున వేసే ప్లేట్ నంబరూ ఒకటే అయినా, ముందు తీసిన ప్రతికీ తర్వాత తీసిన ప్రతికీ స్వరాల్లో తేడా ఉండవచ్చు.

ప్రశ్న: ఇలాంటి తేడాలన్నీ ప్రచురణకర్తల తప్పులేనా?
— అదే పాఠకురాలు

జవాబు: కావు, పియానో స్వరకర్త షోపాన్ విషయంలో చిక్కంతా అక్కడే ఉంది. ఆ రోజుల్లో దేశాలన్నిటికీ వర్తించే కాపీరైటు లేకపోవడంతో ఆయన తన రచనలను పారిస్, లైప్‌జిగ్, లండన్ నగరాల్లో ఇంచుమించు ఒకేసారి అచ్చు వేయించేవాడు. మూడు చోట్లకూ వెళ్లిన మూలాలు ఒకటి కావు: ఒక చోటికి ఆయన చేతిరాత ప్రతి, ఇంకొక చోటికి మరొకరు రాసిన నకలు, వేరొక చోటికి దిద్దిన ప్రూఫులు వెళ్లేవి. 1840లో వెలువడిన ఓపస్ 35 సొనాటానే చూడండి. నెమ్మదిగా నడిచే నాలుగు బార్ల ఆరంభం అయ్యాక, ఐదో బార్ దగ్గర లైప్‌జిగ్ ముద్రణలో పునరావృతి చుక్కలు ఉన్నాయి. పారిస్ ముద్రణలో ఆ చుక్కలు లేవు. చుక్కలుంటే వాయించేవారు ఐదో బార్‌కే తిరిగి వెళతారు. లేకపోతే గంభీరమైన ఆ ఆరంభమే మళ్లీ వినిపిస్తుంది. చుక్కలు లేని పాఠమే సరైనదని నా అభిప్రాయం, ఎందుకంటే ఆ ఆరంభం తిరిగి వచ్చినప్పుడే ఆ భాగం నిర్మాణం బిగువుగా నిలుస్తుంది.

స్వరకర్త మనసు మార్చుకొన్న చోట తీర్పు చెప్పడం ఇంకా కష్టం. 1839లో అచ్చయిన ఆయన సి మైనర్ ప్రెల్యూడ్‌లో మూడో బార్ చివరి కార్డు (ఒకేసారి మోగే స్వరాల గుంపు) దగ్గర, స్వరాన్ని అర మెట్టు తగ్గించే ఫ్లాట్ గుర్తు లేదు. తర్వాత శిష్యురాలి ప్రతిలో ఆ గుర్తును ఆయనే చేర్చాడు. అది మరచిపోయిన గుర్తును గుర్తు చేసుకొని పెట్టడమా, లేక కొత్త ఆలోచనా అన్నది పండితులు ఇప్పటికీ వాదించుకొనే విషయమే.

మీ అమ్మాయికి పుస్తకం కొనేటప్పుడు ముఖపత్రం మీద ‘ఉర్‌టెక్స్ట్’ (మూల పాఠం) అన్న మాట ఉందని తృప్తిపడకండి. చివరి పేజీల్లో పాఠాంతరాల పట్టిక ఉందో లేదో, పరిష్కర్త ఏ ప్రతిని ఆధారం చేసుకున్నాడో, దాన్ని ఎక్కడ, ఎందుకు విడిచాడో చెప్పాడో లేదో చూడండి. మ్యూనిక్‌లోని హెన్లే సంస్థ అలాంటి వ్యాఖ్యలను చాలా కూర్పులకు తన వెబ్‌సైట్‌లో ఉచితంగా ఉంచుతోంది. బాన్‌లోని బీథోవెన్ హౌస్ వెబ్‌సైట్‌లో తొలి ముద్రణల చిత్రాలు కూడా దొరుకుతాయి కాబట్టి, పట్టికలో చెప్పింది నిజమో కాదో మీరే స్వయంగా సరిచూసుకోవచ్చు.