ఓడినవాడి చెప్పులు

చిరంజీవి అల్లుడికి,

నువ్వు పంపిన కథ రెండుసార్లు చదివాను. పదహారు మంది కుర్రాళ్ళు, ఒక కరాటే పోటీ, చివరికి మనవాడి గెలుపు. ఫోన్లో చెప్తే మధ్యలో అడ్డుపడతావని ఉత్తరం రాస్తున్నాను. తీరిగ్గా చదువు.

ముందు లెక్క చూడు. 16 మంది నాకౌట్ అంటే 15 ఆటలు. ఒక్కోటి మూడు నిమిషాలేసుకున్నా 45 నిమిషాలు. నీ సినిమా మొత్తం కలిపి పాతిక నిమిషాలన్నావు. మనవాడు కప్పు కొట్టడానికి నాలుగు ఆటలు చాలు. అందులోనూ రెండే పూర్తిగా తియ్యి. తక్కినవి గోడవతల కేకలు, చార్టు మీద కొట్టేసిన పేరు, అంతే. పోటీ సినిమాకున్న సుఖం ఆ చార్టే. ఎవడి మీదకి ఎవడొస్తాడో అదే చెప్పేస్తుంది, కథని నువ్వు లాక్కెళ్ళక్కర్లేదు. దాని రోగమూ అదే. మనవాడు ఫైనల్‌కొస్తాడని టికెట్టు తెగినప్పుడే అందరికీ తెలుసు. మరి ఇంక ఏం చూడ్డానికి కూర్చుంటారు? దానికి జవాబు నీ కథలో లేదు.

‘ఎంటర్ ద డ్రాగన్’ మళ్ళీ చూడమన్నాను, చూశావా? 1973 నాటిది. నేను చూసింది చాలా ఏళ్ళ తర్వాత, విజయనగరంలో, నేల టికెట్టుకి, రెండో ఆట. మర్నాడే మా వీధి గుంటలందరం సరుగుడు కర్ర కోసి, సైకిల్ చైను ముక్క బిగించి నాన్‌చాకులు చేసుకున్నాం. ఒక్కడి మోచెయ్యీ మిగల్లేదు. మీ అమ్మమ్మ నాకు పసుపు రాస్తూనే వీపు మీద నాలుగు తగిలించింది.

ఆ సినిమాలో విలన్ అనుచరుడు ఓహారాతో బ్రూస్ లీ ఆట ఒక్కటీ పదిసార్లు చూడు. ఇద్దరూ ఎదురెదురుగా నిలబడి, మణికట్టుకి మణికట్టు ఆనించి ఉంటారు. కెమెరా కంగారు పడదు. బ్రూస్ లీ చెయ్యి ఎప్పుడు కదిలిందో మనకి తెలీదు, అవతలివాడు నేలమీదున్నాడని మాత్రం తెలుస్తుంది. దెబ్బ కంటే దెబ్బకి ముందున్న ఆ నిశ్శబ్దమే గొప్పది. నువ్వేమో పోయినసారి తీసిన చిన్న సినిమాలో గుద్దుకి మూడు షాట్లు ముక్కలు చేసి అతికించావు. పాదం ఎక్కడుందో, నడుం ఎటు తిరిగిందో కనపడకపోతే అది కొట్టుకోవడం కాదు, ఎడిటింగ్. తల నుంచి కాలి దాకా పట్టేలా కెమెరా వెనక్కి పెట్టు. దానికి మీవాళ్ళు ఆ ఆట నిజంగా నేర్చుకోవాలి, నెల రోజులు పడుతుంది. పట్టనీ.

ఇక ఆ సినిమా లోపాలు. దీవికి అందర్నీ పోటీకని పిలిచి, రెండు మూడు ఆటలయ్యాక ఆ సంగతే మర్చిపోయారు. ఫైనలూ లేదు, కప్పూ లేదు. జిమ్ కెల్లీ వేసిన విలియమ్స్ పాత్ర అంత హుషారైనది కదా, వాణ్ణి సగంలో చంపేశారు. ఆ తర్వాత నవ్వడానికి మనకి మనిషే లేడు. విలన్ హాన్ వేషం వేసిన షి కీన్‌కి అప్పటికి అరవై ఏళ్ళు, లీకి 32. ఎదురుగా నిలబెడితే ఆట ఎంతసేపు సాగుతుంది? అందుకే వాడి చేతికి కత్తులు తగిలించి అద్దాల గదిలోకి తోశారు. బలం చాలని చోట తెలివి వాడారన్నమాట. నీ విలన్‌కి కాలెత్తడం రాదని తెలిస్తే నువ్వూ అలాంటి అద్దాలేవో వెతుక్కో. బలవంతంగా కాలెత్తించకు.

ఇంకొక్కటి. సీసాలు పగలగొట్టే సీను రాశావు. ఆ ఓహారా ఆటలోనే నిజం గాజు వాడితే లీ చెయ్యి తెగిందంటారు. ఆ సీను తీసెయ్.

1988లో వచ్చిన ‘బ్లడ్‌స్పోర్ట్’ పోటీని చివరిదాకా నడిపింది. ఆడేవాళ్ళ పేర్లు గుర్తుండకపోయినా ఒకడు కోతిలా గెంతేవాడని, ఒకడు సుమో బరువుతో తోసేవాడని గుర్తుంటుంది. ఇది నేర్చుకో. స్లో మోషన్ మాత్రం ఉప్పులాంటిది, వాళ్ళు గుప్పిళ్ళతో పోశారు.

నీ పదహారు మందీ ఒకేలా ఉన్నారు. ఒకడికి కర్రసాము నేర్పు. సిరిమాను పండక్కి పైడితల్లి గుడి దగ్గర కర్ర తిప్పిన కుర్రాడు మ్యాట్ మీదకొస్తే వాడు నిలబడే తీరే వేరుగా ఉంటుంది, చేతిలో కర్ర లేక చేతులేం చెయ్యాలో తెలీదు. వ్యాయామశాల గోడకి కోడి రామమూర్తి నాయుడి ఫోటో పెట్టావు, బాగుంది. వీరఘట్టంలో పుట్టిన మల్లయోధుడు, మన గర్వం. మనవాడి నోట ఆయన పేరు నాలుగుసార్లు అనిపించక్కర్లేదు, ఫోటో చాలు.

ఇప్పుడు అసలు మాట. ఇప్పటి కుమితేలో, అంటే కరాటేలో ఇద్దరు తలపడే ఆటలో, తలకి తన్ను తగిల్తే 3 పాయింట్లు, ఒంటికైతే 2, గుద్దుకి 1. మా రోజుల లెక్క వేరు. శ్రీకాకుళంలో సెమీస్‌లో ఓడిపోయాను. నా తన్ను తగిలిందని నేను, తగల్లేదని రిఫరీ. ఎవరన్నది ఇప్పుడెందుకులే. వంగి దణ్ణం పెట్టి బయటికొస్తే గుమ్మం దగ్గర చెప్పుల గుట్ట. నాది ఒకటే ఉంది. ఎంత వెతికినా రెండోది దొరకలేదు. లోపల ఫైనల్‌కి చప్పట్లు వినపడుతున్నాయి. ఒక కాలికి చెప్పుతో, ఒక కాలు ఎండలో కాల్చుకుంటూ బస్సు కాంప్లెక్స్ దాకా నడిచాను. బస్సులో పక్కాయన, “ఏటి బావూ, గెలిసేవా?” అన్నాడు. ఊఁ అన్నాను.

నీ కథలో పదిహేను మంది ఓడిపోతున్నారు. దెబ్బ తిన్నాక ఒక్కడూ కనపడడు. మనవాడు సెమీస్‌లో ఓడించిన కుర్రాణ్ణి ఒక్క నిమిషం బయటికి తీసుకెళ్ళు. మాటలు వద్దు. అప్పుడు ఫైనల్లో మనవాడికి తగిలే ప్రతి దెబ్బకీ బరువొస్తుంది.

శనివారం బేగి రా. అత్త చేపల పులుసు పెడతానంది. నా కర్ర చీలిపోయింది, నీది తెచ్చుకో. ఆ ఓడిపోయే కుర్రాడి వేషం ఎవరికిస్తున్నావో ముందు ఫోన్ చేసి చెప్పు.

మీ మావయ్య